శనివారం కొత్త కారు డెలివరీ: ఏం చూసుకోవాలి? ఈవీయా, గ్యాసా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. టెక్సస్‌లోని ఇర్వింగ్ వచ్చి రెండు నెలలైంది, అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. శనివారం డీలర్ రమ్మన్నాడు. ఇంకా సంతకాలు పెట్టలేదు. నేను గ్యాస్ కారు (అంటే పెట్రోల్‌దే) అనుకుంటున్నాను, మా ఆవిడ ఈవీ (ఎలక్ట్రిక్ కారు) అంటోంది. టెన్షన్‌గా ఉంది, కాస్త చెప్పండి.

జవాబు: సంతకం పెట్టలేదన్నారు, చాలా మంచిది. నచ్చకపోతే మూడు రోజుల్లో తిరిగిచ్చేయొచ్చని చాలామంది అనుకుంటారు. టెక్సస్‌లో డీలర్ దగ్గర కొన్న కారుకి అలాంటి హక్కు లేదు. అందుకే చూసేదంతా ముందే చూడాలి.

పగటిపూటే వెళ్ళండి. అప్పుడే కడిగిన తడి కారు మీద గీతలు కనబడవు, తుడిపించండి. హెడ్‌లైట్ పక్కన కూర్చుని బాడీ వెంబడి ఏటవాలుగా చూస్తే చిన్న సొట్ట కూడా తెలిసిపోతుంది. బంపర్, ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) కలిసేచోట సందు రెండువైపులా ఒకేలా ఉండాలి.

డ్యాష్‌బోర్డు మీద, డ్రైవర్ తలుపు స్టిక్కర్ మీద, కాగితాల్లో విన్ నంబర్ (ప్రతి కారుకీ విడిగా ఉండే 17 అక్షరాలు, అంకెల గుర్తింపు నంబర్) ఒకటేనా చూడండి. టైరు మీద DOT అని మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 1825 అంటే 2025లో 18వ వారంలో తయారైందని. ఒక్క టైరే తేడాగా ఉంటే ఎందుకో అడగండి. కార్లు డీలర్‌కి ఎక్కువ గాలితో వస్తాయి. తలుపు స్టిక్కర్‌లో రాసినదానికంటే ప్రెషర్ బాగా ఎక్కువ చూపిస్తుంటే వాళ్ళు చెకింగ్ సరిగ్గా చేయలేదన్నమాట. ఏదైనా లోపం కనబడి "తర్వాత చేసిస్తాం" అంటే కాగితం మీద రాయించి, మేనేజర్ సంతకం తీసుకోండి. నోటిమాట వద్దు.

ఇక ఈవీ. మీ పార్కింగ్ దగ్గర ప్లగ్ ఉందా అన్నదే అసలు ప్రశ్న. మామూలు 120 వోల్టుల ప్లగ్‌తో గంటకి మూడు నుంచి ఐదు మైళ్ళకి సరిపడా చార్జ్ ఎక్కుతుంది. రాత్రంతా పెడితే రోజూ ఆఫీసుకి వెళ్ళిరావడానికి చాలామందికి సరిపోతుంది. అదీ లేక ప్రతిసారీ బయట ఫాస్ట్ చార్జర్ దగ్గరికి వెళ్ళాలంటే, గ్యాస్ మీద మిగిలేది చాలావరకు అక్కడే పోతుంది. కొత్త ఈవీకి ఇచ్చే 7,500 డాలర్ల వరకు ఫెడరల్ పన్ను రాయితీ (టాక్స్ క్రెడిట్) 2025 సెప్టెంబర్ 30తో ఆగిపోయింది, పాత వీడియోలు చూసి లెక్క వేసుకోకండి. పైగా టెక్సస్‌లో కొత్త ఈవీకి మొదటి రిజిస్ట్రేషన్‌లో 400 డాలర్లు, ఆ తర్వాత ఏటా 200 అదనం. ప్లగ్ లేకపోతే ఇప్పటికి హైబ్రిడ్ (గ్యాస్ ఇంజిన్‌తో పాటు ఎలక్ట్రిక్ మోటార్ ఉండే కారు) తీసుకోమంటాను.

ఇంకొకరి జవాబు: అన్నయ్యగారు చెప్పింది నిజమే కానీ, ఆఫీసులో చార్జింగ్ ఉంటే నేను మాత్రం మీ ఆవిడ వైపే. మీ అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసువాళ్ళు "చార్జర్లున్నాయి" అంటే నమ్మేయకండి. రాత్రి ఎనిమిదింటికి వెళ్ళి పనిచేస్తున్నాయా, ఖాళీ ఉంటున్నాయా చూడండి. ఇక్కడ డ్రైవింగ్ హిస్టరీ లేనివాళ్ళకి ఇన్సూరెన్స్ ఎక్కువ పడుతుంది. శుక్రవారంలోపే రెండు కార్లకీ కోట్ తీసుకుని, ఆ తేడా కూడా నెలవారీ ఖర్చులో కలుపుకోండి.