గ్యాస్ పొయ్యిల రిపేర్ బండికి మైకు: 2,500 లోపల మాట స్పష్టంగా వినపడాలంటే ఏం చేయాలి?

దేవరకొండ పొయ్యిల మెకానిక్:

అన్నలందరికీ నమస్తే. నాది దేవరకొండ. స్ప్లెండర్ మీద ఊళ్లు తిరుగుతూ గ్యాస్ పొయ్యిలు, కుక్కర్లు, మిక్సీ జార్లు బాగుచేస్తాను. చందంపేట, నేరేడుగొమ్మ, డిండి వైపు తండాల్లో ఎక్కువ తిరుగుతాను. బండికి మైకు లేకపోతే మా పనికి గిరాకీయే ఉండదు.

ఇప్పుడున్న సెట్టు టౌన్‌లో ఒక షాపువాళ్లు పెట్టారు. లెగ్ గార్డుకు రెండు గుండ్రటి స్పీకర్లు, సీటు కింద పెన్‌డ్రైవ్ ఆంప్లిఫయర్. స్పీకర్ల మీద "500 వాట్స్" అని స్టిక్కర్ ఉంది. పాటలు పెడితే పర్వాలేదు. కానీ నాకు కావాల్సింది పాట కాదు, మాట. "గ్యాస్ పొయ్యిలు బాగుచేస్తాం, కుక్కర్‌కు గ్యాస్కెట్ వేస్తాం" అని మా ఇంటామె గొంతుతో రికార్డు చేసి పెట్టాను. ఆడమనిషి గొంతు అయితే ఇంట్లో వాళ్లు భయం లేకుండా గేటు దాకా వస్తారు. సౌండ్ సగం దాటించానంటే ఆ గొంతు బర్రుమని పగిలిపోతుంది. "పొయ్యిలు" అన్నది "ఓయిలు" అని వినపడుతుంది. వంటింట్లో మిక్సీ తిప్పుతున్న ఆమెకు అసలే వినపడదు. అర్థమై బయటికి వచ్చేసరికి నేను గల్లీ దాటిపోయి ఉంటాను. ఆ రోజు ఆ ఇంటి బేరం పోయినట్టే.

ఇంకో రెండు బాధలు. ఇంజన్ ఆన్‌లో ఉంటే రికార్డింగ్ వెనక గుయ్యిమని ఒక మోత వస్తుంది, రేజ్ చేస్తే అదీ పెరుగుతుంది. ఫోన్‌ను బండి యూఎస్‌బీ ఛార్జర్‌కు పెట్టి, ఆక్స్ వైరుతో పాడిస్తాను. ఇక బండి ఆపి ఎవరి వాకిట్లోనైనా బర్నర్ విప్పుకుంటూ మైకు నడిపిస్తే, లేచేసరికి సెల్ఫ్ పట్టదు.

షాపాయన 1000 వాట్స్ ఆంప్లిఫయర్ వేయమంటున్నాడు. నా దగ్గర 2,500 ఉన్నాయి, అంతకు మించి వద్దు. ఏం చేయమంటారు?

పాలమూరు ఆటో ఎలక్ట్రీషియన్:

తమ్ముడూ, ఆ 1000 వాట్స్ మాట పూర్తిగా మర్చిపో. స్టిక్కర్ మీద ఏదైనా రాసుకోవచ్చు, 12 వోల్టుల నుంచి ఎన్ని వాట్లు వస్తాయో మాత్రం లెక్క ఉంది. లోపల వోల్టేజీ పెంచే సర్క్యూట్ లేని ఆంప్లిఫయర్ అయితే, 4 ఓమ్‌ల (ఓమ్ అంటే కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) స్పీకర్‌కు గొంతు పగలకుండా ఇచ్చేది ఎక్కువలో ఎక్కువ 18 వాట్లు. 12ను 12తో గుణించి, 4కు రెట్టింపు 8తో భాగించి చూడు. ఇంజన్ నడుస్తుంటే వోల్టేజీ 14 దాకా పోతుంది కాబట్టి ఇంకొంచెం వస్తుంది. నువ్వు నాబ్ అంతకు మించి తిప్పితే శబ్దం పెరగదు, గొంతు చీలిపోతుంది. నీకు వినపడుతున్న బర్రు అదే.

నీ పనికి వాట్లు కాదు, స్పీకర్ రకం మార్చాలి. గుడి మీద, మసీదు మీద కడతారే, ఆ రకం హారన్ స్పీకర్ చిన్న సైజుది ఒకటి తీసుకో. ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో మామూలు స్పీకర్ 88 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) ఇస్తే, హారన్ 105 దగ్గర ఇస్తుంది. 3 డెసిబెల్స్ పెరగాలంటేనే వాట్లు రెట్టింపు కావాలి. అంటే ఈ 17 డెసిబెల్స్ తేడా దాదాపు 50 రెట్ల వాట్లతో సమానం. హారన్‌లో బాస్ రాదు, పాటలకు బాగుండదు. మనిషి మాటకు దాన్ని మించింది లేదు.

కొనేటప్పుడు ఒకటి చూసుకో. మైక్ సెట్ వాళ్లు వాడే పెద్ద యూనిట్లు చాలావరకు 16 ఓమ్‌లవి. 12 వోల్టుల మీద దానికి వెళ్లేది నాలుగున్నర వాట్లే. 8 ఓమ్‌లది దొరికితే 9 వాట్లు వెళ్తాయి. వెనక మూత మీద రాసి ఉంటుంది, చదివి తీసుకో. లైన్ ట్రాన్స్‌ఫార్మర్ (పొడవాటి వైర్ల మీద నడిపే మైక్ సెట్ల కోసం పెట్టేది) ఉన్నది అంటగడితే వద్దను.

ఆంప్లిఫయర్‌కు క్లాస్-డీ బోర్డు, అంటే కరెంటు తక్కువ వృథా చేసే రకం, చాలు. టీపీఏ3116 ఐసీ ఉన్నవి బ్లూటూత్‌తో సహా చవకగా వస్తున్నాయి. హైదరాబాద్ పోయే పని ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఆంప్లిఫయర్, హారన్ రెండూ ఒకే చోట చూసుకోవచ్చు.

గుయ్యిమనే మోత ఫోన్ ఛార్జింగ్ వల్ల వస్తోంది. ఛార్జరూ ఆంప్లిఫయరూ ఒకే బ్యాటరీ మీద ఉండి, మధ్యలో ఆక్స్ వైరు ఉంటే ఎర్తు రెండు దారుల్లో కలుస్తుంది. ఇంజన్ ఛార్జింగ్ మోత అందులోంచి లోపలికి వస్తుంది. ఛార్జర్ పీకి చూడు, అప్పుడే తెలిసిపోతుంది. మెమరీ కార్డు మీదో, బ్లూటూత్ మీదో నడిపితే ఆ బాధ ఉండదు.

దేవరకొండ పొయ్యిల మెకానిక్:

అన్నా, ఛార్జర్ పీకి చూశాను, మోత నిజంగానే పోయింది! చాలా థాంక్స్. మరి బ్యాటరీ సంగతి? నా బండి బ్యాటరీ మీద 12 వోల్టులు, 3 ఏహెచ్ అని ఉంది. పెద్దది వేయించనా?

పాలమూరు ఆటో ఎలక్ట్రీషియన్:

వద్దు తమ్ముడూ. బండి బ్యాటరీని బండికే వదిలేయ్. 3 ఏహెచ్ అంటే 3 ఆంపియర్-అవర్లు, 12 వోల్టులతో గుణిస్తే మొత్తం 36 వాట్-అవర్లు. సగానికి దించావంటే సెల్ఫ్ కష్టమే.

మీ వైపు పత్తి చేలు ఎక్కువ కదా, మందు కొట్టే బ్యాటరీ పంపు ఎవరింట్లోనైనా ఉంటుంది. అందులో 12 వోల్టుల 8 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది, కొన్నిట్లో 12 ఏహెచ్ ఉంటుంది. దానికి ఛార్జర్ కూడా వేరే ఉంటుంది. పంపు పాడైపోయినా బ్యాటరీ బాగుంటే తీసుకో. రాత్రి ఇంట్లో ఛార్జింగ్ పెట్టి పొద్దున డబ్బాలో వేసుకుని పో. మాట రికార్డింగ్‌కు సగటున తక్కువ కరెంటే లాగుతుంది కాబట్టి, మధ్యమధ్య ఆపుకుంటూ పోతే సాయంత్రం దాకా వస్తుంది. బండి బ్యాటరీతో మాత్రం కలపకు.

వైరింగ్‌లో రెండు జాగ్రత్తలు. బ్యాటరీ ప్లస్ దగ్గరే 5 ఆంప్స్ ఫ్యూజు వేయి, ఆంప్లిఫయర్ దగ్గర కాదు. మధ్యలో వైరు రాసుకుపోయి షార్ట్ అయినా మంట లేవదు. రెండోది ఇంకా ముఖ్యం: స్పీకర్‌కు పోయే రెండు వైర్లలో ఏదీ బండి బాడీకి తగలకూడదు. నల్ల వైరు కదా, ఎర్తే కదా అని చాలామంది ఛాసిస్‌కు కలిపేస్తారు. ఈ బోర్డుల్లో రెండు వైర్లలోనూ సిగ్నల్ ఉంటుంది, కలిపితే ఐసీ కాలిపోవచ్చు. హారన్ క్లాంపు బిగించే చోట వైరు నలగకుండా పాత ట్యూబు ముక్క చుట్టు.

మిర్యాలగూడ మైక్ సెట్:

అన్న చెప్పిన దాంట్లో తీసేసేది ఏమీ లేదు. రికార్డింగ్ గురించి నేను చెప్తాను. హారన్ ఎంత మంచిదైనా రికార్డింగ్ బాగాలేకపోతే డబ్బులు దండగ. అక్కను ఫ్యాన్ ఆపేసి, బొంతలూ బట్టలూ ఉన్న గదిలో కూర్చోబెట్టు. ఖాళీ గదిలో గొంతు మోగుతుంది, ఆ మోతే వీధిలో ఇంకా పెద్దదవుతుంది. ఫోన్ నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు పెట్టు. ఒక్కో ముక్క చెప్పాక ఒక క్షణం ఆగమను. తండాల్లో గోడలకు తగిలి శబ్దం వెనక్కి వస్తుంది, అది తగ్గాకే తర్వాతి ముక్క రావాలి.

ఆంప్లిఫయర్‌లో బాస్ పూర్తిగా తగ్గించు. హారన్ యూనిట్‌లోకి బాస్ పంపితే లోపలి డయాఫ్రమ్ (శబ్దం పుట్టించే పలుచటి పొర) చిరుగుతుంది. హారన్ మూతి ముందుకు, కొంచెం కిందికి వంచి కట్టు, వాన నీళ్లు నిలవవు.

నాగర్‌కర్నూల్ టీచర్:

ఒక మాట, తమ్ముడూ. మైకు వాడాలంటే 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ముందుగా రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట వాడకూడదు. బడులు, ఆసుపత్రులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. అనుమతి కాగితం బండిలో పెట్టుకో. మా బడి ముందు నుంచి పోయే బళ్లవాళ్లు మైకు ఆపేసి, మూల తిరిగాక మళ్లీ వేసుకుంటారు. నువ్వూ అలా చేస్తే పిల్లల చదువుకు చాలా మేలు.

దేవరకొండ పొయ్యిల మెకానిక్:

తప్పకుండా సార్. బడి, దవాఖాన కనపడితే ఆపేస్తాను. అనుమతికి దరఖాస్తు రాసి ఇచ్చాను.

అందరికీ ఏమైందో చెప్పాలి. 8 ఓమ్‌ల హారన్ 850, బ్లూటూత్ బోర్డు 600, ఫ్యూజు, వైర్లు, స్విచ్, క్లాంపులకు 250 అయ్యాయి. పంపు బ్యాటరీ మా మేనమామ ఛార్జర్‌తో సహా 500కి ఇచ్చాడు. మొత్తం 2,200. పాత స్పీకర్లు విప్పేశాను, లెగ్ గార్డు తేలికైంది.

మా ఇంటామె రికార్డింగ్ మళ్లీ చేసింది, ఈసారి "పొయ్యిలు" అనేది స్పష్టంగా పలుకుతోంది. నిన్న ఒక తండాలో నేను ఇంకా మొదటి ఇంటి దగ్గరే ఉండగానే, చివరి ఇంటామె కుక్కర్ చేతిలో పట్టుకుని ఎదురొచ్చింది. బర్నర్ విప్పినంతసేపూ మైకు నడిచింది, లేచాక సెల్ఫ్ ఒక్క నొక్కుకే పట్టింది.

పాలమూరు అన్నా, ఒక్కటి మిగిలింది. వానలో బోర్డుకు ఏం కప్పాలి? సీటు కింద ఖాళీ లేదు.

పాలమూరు ఆటో ఎలక్ట్రీషియన్:

మూత గట్టిగా పట్టే టిఫిన్ డబ్బా, ప్లాస్టిక్‌ది తీసుకో. వైర్లకు రంధ్రం డబ్బా అడుగున పెట్టు, పైన వద్దు. వైర్లు కిందికి వంపు తిరిగి వచ్చేలా కట్టు, నీళ్లు అక్కడే కారిపోతాయి. ఇంజన్ వేడి తగలని వైపు, క్యారియర్ కింద బిగించు. ఈ బోర్డు పెద్దగా వేడెక్కదు, గాలి కోసం ఇంకో రంధ్రం అవసరం లేదు.