అప్‌డేట్: మ్యూనిక్‌లో వీకెండ్స్‌కి ఏ రైలు పాస్ తీసుకున్నానంటే

ఎక్స్ఛేంజ్ సెమిస్టర్‌కి మ్యూనిక్ వెళ్తున్నా, వీకెండ్స్ తిరగడానికి యూరప్ మొత్తం పాస్ కొనాలా, జర్మనీ వరకు ఉండే డాయిచ్‌లాండ్‌టికెట్ సరిపోతుందా అని అడిగాను కదా. మీలో ఎక్కువమంది చెప్పినట్టే రెండోదే తీసుకున్నాను. 2025లో నెలకి 58 యూరోలు (2023లో మొదలైనప్పుడు 49 అట, మనకే పెంచాలా!), కానీ సిటీలో మెట్రో, ట్రామ్, బస్సు కూడా అందులోనే కాబట్టి వీకెండ్ రూమ్‌లో పడుకున్నా డబ్బులు దండగ కావు.

ఐసీఈ లాంటి స్పీడ్ రైళ్లలో చెల్లదు, రీజనల్ రైళ్లే. అందుకే బెర్లిన్ జోలికి పోకుండా న్యూరెంబర్గ్, రేగెన్స్‌బర్గ్, నాయ్‌ష్వాన్‌స్టయిన్ కోట కోసం ఫ్యూసెన్, ఇలా దగ్గర్లోవే చూశాను. అసలు లాభం సాల్జ్‌బర్గ్! ఊరు ఆస్ట్రియాలో ఉన్నా అక్కడి మెయిన్ స్టేషన్ దాకా ఇదే టికెట్ చెల్లుతుంది. తిరిగొచ్చేటప్పుడు బోర్డర్‌లో పోలీసులు చెక్ చేయొచ్చు, పాస్‌పోర్టు, రెసిడెన్స్ పర్మిట్ ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోండి. ఆదివారం సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ బంద్, పాలు పెరుగు శనివారమే తెచ్చుకోవాలి.

ఇంకోటి, ఇది సబ్‌స్క్రిప్షన్. ఆ నెల 10లోపు క్యాన్సిల్ చేయకపోతే తర్వాతి నెలకీ డబ్బులు కట్ అవుతాయి, ఇంటికొచ్చే నెల ముందే చూసుకోండి.