ఈ వారం సమస్య: క్రీస్తు భక్తులే క్రిస్మసున్ గెంటినారు

నిర్వాహకుడు: ఇది తేటగీతి ఛందస్సులో ఆఖరి పాదం, ముందు మూడు పాదాలు మీరు రాసి పూరించాలి. అసంభవంలా తోచినా, 17వ శతాబ్దపు చరిత్ర చదివినవారికి ఇది తేలికే.

పద్యప్రియ:

పార్లమెంటున శాసన పత్రమందు
తేది లేఖన పంక్తులు తెలుపవంచు,
కొట్లు మూయకుడంచును గొంతు చించి
క్రీస్తు భక్తులే క్రిస్మసున్ గెంటినారు

(1647లో ఇంగ్లండు పార్లమెంటు ఈ పండుగను రద్దు చేసింది. పుట్టిన తేదీ సువార్తల్లో ఎక్కడా లేదన్నది ప్యూరిటన్లనే కఠిన ప్రొటెస్టెంట్ల వాదం.)

నిర్వాహకుడు: మూడో పాదం ప్రాణం పోసింది. ఆ ఏడాది కాంటర్బరీలో మేయరు అంగళ్లు తెరవమంటే జనం తిరగబడ్డారు, గుమ్మాలకు హాలీ అనే క్రిస్మస్ పొద కొమ్మలు కట్టారు. ‘పత్రమందు’ మాత్రం యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ పడాల్సిన జోడీ అక్షరం) కోసం తెచ్చి అతికించినట్టుంది.

కృష్ణాతీరం:

ఐదు షిల్లింగు లపరాధ మనుచు వ్రాసి
బోస్టనందున విందుకు బుద్ధి చెప్పి
పనులు మానిన వారికి శిక్ష యంచు
క్రీస్తు భక్తులే క్రిస్మసున్ గెంటినారు

నిర్వాహకుడు: 1659 నాటి మసాచుసెట్స్ చట్టం! పని మానినా, విందు చేసినా జరిమానాయే. 1681లో గాని ఎత్తివేయలేదు. అయితే మూడో పాదంలో ప-శి యతి కుదరలేదండీ. ‘పనులు మానిన వారిని బట్టుడంచు’ అంటే సరిపోతుంది.

కృష్ణాతీరం: ధన్యవాదాలు. భటులు కూడా కళ్లకు కట్టారు.

ఛందోబాల:

రోము సాటర్ను తిరునాళ్ల రోత యనుచు
సూర్యదేవుని జన్మమే చూడుడనుచు
తమ పితరు లిచ్చు విందునే తరిమికొట్టి
క్రీస్తు భక్తులే క్రిస్మసున్ గెంటినారు

పద్యప్రియ: ఛందోబాల గారూ, సాటర్ను దేవుడి రోమన్ పండుగ సాటర్నేలియా డిసెంబరు 17న మొదలై 23తో ముగిసేది. 25తో దానికేమి సంబంధం?

ఛందోబాల: ఆ మాట నాది కాదండీ, ప్యూరిటన్లది. అందుకే రెండుసార్లు ‘అనుచు’ పెట్టాను.

నిర్వాహకుడు: ఆ ‘అనుచు’లే పద్యాన్ని నిలబెట్టాయి, పూరణల్లో నాకు ఇదే నచ్చింది. సూర్యుడి సంగతి మరీ చిక్కు. రోములో 354 నాటి పంచాంగ సంకలనంలో డిసెంబరు 25న అజేయ సూర్యుని జన్మదినమూ ఉంది, క్రీస్తు బేత్లెహేములో పుట్టాడన్న నమోదూ ఉంది. ఎవరిది ముందో పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు. మార్చి 25న గర్భధారణ జరిగిందని నమ్మి, తొమ్మిది నెలలు కలిపి ఈ తేదీకి వచ్చారనే వాదమూ బలంగానే ఉంది. ఆర్మేనియా సంఘం మాత్రం నేటికీ జనవరి 6నే పట్టుకుంది. ‘సూర్యుడి పండుగను దొంగిలించారు’ అని ఒక్క ముక్కలో తేల్చేసేవారి పూరణలను నేను ఒప్పుకోను, ఎంత చక్కటి యతి పడినా సరే.

పద్యప్రియ: క్రిస్మస్ చెట్టు మీద ఒక్కరూ రాయలేదే!

నిర్వాహకుడు: 1605లో స్ట్రాస్‌బర్గ్ ఇళ్లలో కాగితపు గులాబీలు, ఆపిళ్లు తగిలించిన చెట్లు నిలిపేవారట. మీరే మొదలుపెట్టండి. వచ్చే వారానికి పాదం, ఆస్ట్రేలియా మిత్రులకు ప్రత్యేకం:

మండుటెండలో క్రిస్మసు మంచు కురిసె