కొత్త బ్యాటరీ 31 ఆంపియర్లు, పాతది 11: కలిపి పెడితే ఇట్లాగే ఉంటుందా?

పరకాల టైలర్:
మాది బట్టలు కుట్టే షాపు. రెండు మోటారు మిషన్లు, మూడు ఫ్యాన్లు, ట్యూబులైట్లు ఇన్వర్టర్ మీద నడుస్తాయి. నాలుగేళ్ల కింద కొన్న 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీకి బ్యాకప్ తగ్గిందని, పోయిన నెల వేరే కంపెనీది ఇంకో 150 ఏహెచ్ తెచ్చి ప్యారలల్‌లో, అంటే ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపి, పెట్టించాను. "రెండూ పన్నెండు వోల్టులే కదన్నా, ఏం కాదు" అన్నాడు బిగించినాయన. పెళ్లిళ్ల సీజను, బ్లౌజులు కుప్ప పడి ఉన్నాయి, నేనూ సరే అన్నాను.

బ్యాకప్ డబుల్ అవుతుందనుకుంటే కొంచెమే పెరిగింది. నిన్న క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పట్టుకుని కూర్చున్నా. షాపులో ఉన్నది సున్నా చూపించింది, అది ఏసీకేనట. డీసీ చూసేది మా బామ్మర్ది దగ్గర తెచ్చాను. కరెంటు పోగానే కొత్తది 31, పాతది 11. రెండు గంటలయ్యాక 23, 20. ఇంకో వింత, ఇన్వర్టర్ ఆపేశాక కూడా రెండు బ్యాటరీల మధ్య వైరులో 4 ఆంపియర్లు పారుతున్నాయి. ఎవరికి పోతున్నట్టు?

కాజీపేట రిటైర్డ్ ఎలక్ట్రీషియన్:
పాతదానికే కావచ్చు తమ్మీ. ముసలి ఎద్దును, కోడెను ఒకే కాడికి కట్టారు. వోల్టేజి రెండింటికీ ఒకటే, కానీ లోపలి రెసిస్టెన్స్ ఎక్కడ తక్కువుంటే కరెంటు అక్కడి నుంచి ఎక్కువ వస్తుంది. పాతదాని ప్లేట్లకు సల్ఫేట్ పట్టి రెసిస్టెన్స్ పెరిగి ఉంటుంది. కొత్తది దిగిపోతుంటే చివర్లో పాతది అందుకుంటుంది, అదే మీ 23, 20. బండి ఆగాక కూడా కోడె తన మేతలోంచి ముసలిదానికి పెడుతుండొచ్చు, ఆ 4 ఆంపియర్లు అదే కావచ్చు. రెండింటినీ విడదీసి, రాత్రంతా వదిలి, పొద్దున హైడ్రోమీటరుతో (యాసిడ్ చిక్కదనం కొలిచేది, అంకె తగ్గితే ఛార్జి తక్కువన్నట్టు) సెల్లు సెల్లూ చూడండి.

నర్సంపేట సోలార్:
అన్నా, ఇన్వర్టర్ వైర్లు రెండూ కొత్తదానికే బిగించి, పాతదాన్ని లింకు వైర్లతో వెనక తగిలించారా? అయితే సగం తప్పు అక్కడే. 10 స్క్వేర్ ఎంఎం రాగి వైరుకు మీటరు పొడవుకు దగ్గర దగ్గర 1.8 మిల్లీ ఓమ్‌ల రెసిస్టెన్స్. మంచి బ్యాటరీ లోపలిదే కొన్ని మిల్లీ ఓమ్‌లు, కాబట్టి ఇది చిన్న లెక్క కాదు. ప్లస్ ఒక బ్యాటరీ నుంచి, మైనస్ రెండోదాని నుంచి తీయండి. విప్పే ముందు ఇన్వర్టర్ ఆపి, ప్లగ్గు పీకండి. పానా రెండు టెర్మినళ్లకూ తగలకుండా చూసుకోండి, నా ఉంగరం ఒకసారి అట్లాగే కాలింది.

పరకాల టైలర్:
మీరన్నట్టే ఉంది, రెండూ ఒకదానికే బిగించారు. మార్చాక 28, 14 వచ్చింది. తర్వాత విడదీసి పొద్దున చూశాను. కొత్తది అన్ని సెల్లూ 1.240, వోల్టేజి 12.5. పాతదాంట్లో ఐదు సెల్లు 1.220, మూడోది మాత్రం 1.120. వోల్టేజి 12.26. ఆ సెల్లుకే నీళ్లు ఎక్కువ పోయాల్సి వచ్చేది, మూత దగ్గర వేడిగా కూడా ఉండేది. ఎండాకాలం కదా అనుకున్నా.

కాజీపేట రిటైర్డ్ ఎలక్ట్రీషియన్:
ఆ మూడో సెల్లు పోతోంది. పూర్తిగా షార్టయితే ఆ బ్యాటరీ పదిన్నర వోల్టులకు దిగి కొత్తదాన్ని కూడా లాగేస్తుంది. ఛార్జరేమో నిండలేదనుకుని తోస్తూనే ఉంటుంది. ఇవాళే తీసేయండి. జోడీ కావాలంటే ఒకే కంపెనీ, ఒకే కెపాసిటీ, ఒకేసారి కొన్నవి పెట్టండి.

పరకాల టైలర్:
తీసేశాను. ఒక మిషను, రెండు ఫ్యాన్లతో కొత్తదొక్కటే నడుస్తోంది. పాతదాన్ని ఎక్స్చేంజ్‌లో ఇద్దామంటే, యాసిడ్ పారబోసి తూకం వేస్తామంటున్నారు. పారబోయనిచ్చేది లేదు, వెనకాల మా చేదబావి ఉంది. నింపినదాన్ని నింపినట్టే తీసుకునే షాపు హన్మకొండలో ఎక్కడైనా ఉందా?