పాత స్టేషన్ పటం నేటి పార్కు మీద కుదరడం లేదు

విజయవాడలో ఆర్కిటెక్చర్ చదువుతున్నాను. బెర్లిన్‌లోని గ్యోర్లిట్జర్ పార్కు నా ప్రాజెక్టు. 1866లో రైళ్లు మొదలై, 1951లో ప్రయాణికుల రాకపోకలు ఆగిపోయిన స్టేషన్ స్థలం అది. ఇప్పుడు సుమారు 14 హెక్టార్ల పార్కు.

స్టేషన్ ఉన్నప్పటి పటాన్ని 300 డీపీఐలో స్కాన్ చేసి, క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో నేటి పటం మీద పరిచాను. పశ్చిమాన ఎమ్మావుస్ చర్చి గోపురం, తూర్పున లాండ్‌వేర్ కాలువ ఒడ్డు ఆధార బిందువులు, అంటే రెండు పటాల్లోనూ ఒకే చోటుగా గుర్తుపెట్టినవి. పటాన్ని వంచకుండా జరిపి, తిప్పి, ఒకే నిష్పత్తిలో పెంచే లేదా తగ్గించే హెల్మర్ట్ పద్ధతిలో ఆ రెండూ కుదిరాయి కానీ నడుమ వీధుల అంచులు 40 మీటర్లు పక్కకు జరిగాయి. ఊహించి మరో నాలుగు బిందువులు చేర్చి పటాన్ని వంచి కుదిర్చే రెండో తరగతి బహుపది పద్ధతి వాడితే, పటం పిండిన చీరలా మెలితిరిగింది. ఊహించడం నా తప్పే.

పార్కుకు ఇరువైపులా ఉన్న వీనర్ వీధికీ గ్యోర్లిట్జర్ వీధికీ మధ్య, స్టేషన్ కాలం నుంచి చోటు మారకుండా నిలిచి, ఆధార బిందువుగా నమ్మదగిన కట్టడం ఏది?