16 నిండినా పాప పెద్దమనిషి కాలేదు. రిపోర్టు సంగతి తనకి చెప్పాలా?

తెనాలి నుంచి ఒక అమ్మ:
మా పాప ఇంటర్ ఫస్టియర్. ఒళ్లు బాగానే ఎదిగింది, ఎత్తులో నన్ను దాటేసింది, కానీ ఇంకా పెద్దమనిషి కాలేదు. రెండేళ్లుగా మా అత్తగారు చిమ్మిలి, బొప్పాయి తినిపిస్తూనే ఉన్నారు. మేనమామ లాంఛనమని మా తమ్ముడు కొన్న పట్టు లంగా ఓణీ బీరువాలో మడత విప్పకుండా ఉంది. పోయిన నెల స్కానింగ్‌లో గర్భసంచి లేదన్నారు. క్రోమోజోముల పరీక్షలో 46 ఎక్స్‌వై అని వచ్చింది. నాలుగేళ్లప్పుడు గజ్జల్లో వాపు వస్తే హెర్నియా అని ఆపరేషన్ చేయించాం, అదీ దీనికి సంబంధించిందేనట. లోపల వృషణాలు ఉన్నాయి, తీసేయాలి, వచ్చే వారమే రమ్మంటున్నారు డాక్టరు. పాపకి అపెండిక్స్ అని చెబుదాం అంటారు మా ఆయన. అదేమో రోజూ "రిపోర్టులో ఏముందమ్మా" అని అడుగుతోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

పిల్లల హార్మోన్ల డాక్టరు:
అమ్మా, ఫైల్లో ఏ పేరు రాశారో ముందు చూడండి. రొమ్ములు వచ్చి, చంకల్లో వెంట్రుకలు దాదాపు లేకపోతే ఆండ్రోజెన్ ఇన్‌సెన్సిటివిటీ అయ్యే అవకాశం ఎక్కువ. అందులో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ తయారవుతుంది గానీ ఒళ్లు దాని మాట వినదు. అదే ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్‌గా మారి పాపకి ఈ ఎదుగుదల ఇచ్చింది. ఈ వయసులో క్యాన్సర్ భయం చాలా తక్కువ. తీసేస్తే మాత్రం ఎముకల కోసం ఏళ్ల తరబడి హార్మోన్ మందు వాడాలి. స్వయర్ సిండ్రోమ్ (లోపలి బీజగ్రంథులు సరిగ్గా ఏర్పడకపోవడం) అని ఉంటే వేరే సంగతి, అక్కడ క్యాన్సర్ భయం ఎక్కువ కాబట్టి మేం ఆలస్యం చేయం. వచ్చే వారమే ఎందుకో అడగండి, ఇంకొకరికి కూడా చూపించండి.

ఒక సభ్యుడు:
ఎక్స్‌వై అంటే మగపిల్లాడే కదండీ? పేరు మార్పిస్తే సరిపోదా?

చెన్నైలో ఉద్యోగం చేసే ఒకామె:
కాదన్నా. నాదీ ఎక్స్‌వైనే, నాకు 31. నేను ఆడదాన్నే, ఎప్పుడూ వేరేగా అనిపించలేదు. అలాగని అందరూ నాలాగే అనుకోరు. నాకు తెలిసిన ఒకతన్ని ఆడపిల్లగా పెంచారు, 14కి గొంతు మారింది, ఇప్పుడు మగవాడిగానే ఉంటున్నాడు. అతనిది వేరే రకం. ఎవరి సంగతి వాళ్లనే అడగాలి.

అక్కా, నాకు 15 ఏళ్లప్పుడు కణితి అని చెప్పి తీసేశారు. చుట్టాల నోళ్లు మూయించడానికి ఆర్నెల్ల తర్వాత ఉత్తుత్తి ఫంక్షన్ కూడా చేశారు. పూలజడతో కుర్చీలో కూర్చున్నాను. వచ్చినవాళ్లంతా బుగ్గలకి పసుపు రాసి అక్షింతలు వేస్తున్నారు. ఏమీ కాలేదని నాకు తెలుసు, అమ్మకీ తెలుసు. ఆ పూటంతా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. 23కి వేరే ఆసుపత్రికి మారుతూ పాత ఫైలు తెరిస్తే అసలు విషయం బయటపడింది. ఎక్స్‌వై అన్నదానికి మూడు రోజులు ఏడ్చానేమో. ఇంట్లో అందరికీ తెలిసి 8 ఏళ్లు నాకొక్కదానికే తెలియకపోవడం మాత్రం... అమ్మతో ఏడాది సరిగ్గా మాట్లాడలేదు. పాప రోజూ అడుగుతోందంటే సగం ఊహించేసే ఉంటుంది, చేతిలో ఫోన్ ఉంది కదా. మీ నోటితోనే చెప్పండి. గర్భసంచి సంగతి ముందు, మిగతాది విడతలుగా.

తెనాలి అమ్మ:
వచ్చే వారం రామని చెప్పేశాం. నిన్న రాత్రి గర్భసంచి సంగతి వరకు చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే నాయనమ్మ చిమ్మిలి ఇక తినక్కర్లేదా" అంది.