విక్టోరియా కాలపు నదీతీర చిత్రాల్లో అంత ప్రశాంతత ఎందుకు?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి):
బెంజమిన్ విలియమ్స్ లీడర్ వంటి ఆంగ్ల చిత్రకారుల నదీదృశ్యాలను చూస్తున్నప్పుడు, కర్మాగారాలూ రైళ్లూ దేశాన్నే మార్చేస్తున్న రోజుల్లో వీరు నిశ్చలమైన నీటినీ, చెట్లనూ, ఒంటరి పడవలనూ గీస్తూ ఎందుకు కూర్చున్నారన్న సందేహం కలుగుతోంది. తెలిసినవారు వివరించగలరు.

జవాబు (నల్లగొండ):
కారణం మీ ప్రశ్నలోనే ఉందండీ. 1851 జనగణన నాటికే ఇంగ్లండు, వేల్సు జనాభాలో సగానికి కాస్త పైగా పట్టణాల్లో నివసిస్తున్నారు. పొగలో బతికే పట్టణపు వ్యాపారి తన గోడ మీద పల్లెనే కోరుకున్నాడు. చిత్రాలు కొనేదీ అతడే. పైగా 1841లో జాన్ గోఫ్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు పేటెంటు పొందిన తగరపు రంగుగొట్టం (ట్యూబు) వల్ల నూనె రంగులను ఏటి ఒడ్డుకే తీసుకుపోవడం సులువైంది.

జవాబు (మహబూబ్‌నగర్):
మార్కెట్టు ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. లీడర్ 1881లో గీసిన 'ఫిబ్రవరి ఫిల్ డైక్'లో ఉన్నది వాన వెలిసిన సాయంత్రం, బురద, నీటిగుంటలు. అది ప్రశాంతమే గాని అందంగా కడిగిన పల్లె కాదు. అంతకు ముందరి తరానికి చెందిన ఆంగ్ల చిత్రకారుడు జాన్ కాన్‌స్టేబుల్ ఇంగ్లండులోని స్టౌర్ నది మీద నీటిమరలనూ, సరుకు పడవలనూ, పనిచేసే మనుషులనూ చూపించాడు. (మన మూసీని వాడపల్లి సంగమం దగ్గర గీయమంటే కాలుష్యపు నురగను వదిలేసేవారే ఎక్కువేమో!)

జవాబు (నల్లగొండ):
ఆ మాట నిజమే. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా చిత్రాలున్నాయి. వెళ్లినప్పుడు వాటిలో మనుషులు ఏ పని చేస్తున్నారో గమనించండి.